డెల్ఫాస్ వస్త్రము - కర్తృత్వ విచారము

గ్రంథమునకుఁ గర్త యెవ్వఁడను విచారము పండితులకుఁ గ్రొత్తది గాదు. గద్యలోని పే రొకటియు లోకమందలి ప్రతీతి యొకటియు నైనప్పుడు ప్రమాణములను వెదకి నిర్ణయించుట వారికి నిత్యకృత్యము. అట్టి విచారమే యొక వస్త్రవిషయమున నావశ్యక మైనది. ఇరువదవ శతాబ్దారంభమున నిటలీదేశమందలి వెనిసు నగరమునఁ బుట్టి, నేఁడు గొప్ప ప్రదర్శనశాలలలో భద్రముగా నున్న ‘డెల్ఫాస్’ అను స్త్రీవస్త్రము మరియానో ఫోర్తూనీ కృతి యని లోకము చెప్పుచున్నది. ఫోర్తూనీ స్వహస్తలేఖనము మాత్ర మట్లు చెప్పుట లేదు.

ముందుగా వస్త్రస్వరూపము తెలియవలయును. 1907 ప్రాంతమునఁ బుట్టిన యీ వస్త్రము సన్నని పట్టుగుడ్డ పన్నాలు కొన్నిటిని గలిపి కుట్టిన గొట్టమువంటిది. భుజములనుండి పాదములవఱకు నొక్కతీరుగా జాలువాఱును. పట్టంతయు లెక్కకు మిక్కిలి యగు సన్నని నిలువు మడతలతో నిండి యుండును. తెలుఁగు స్త్రీలు చీరకుఁ బెట్టు కుచ్చిళ్లు కట్టినప్పుడు పుట్టి విప్పినప్పుడు పోవును. ఈ మడత లట్లు గాక గుడ్డలోనే నిలిచి యుండును. నీటఁ దడిసినచో నవి చెడును గావున, మరల మడతలు వేయించుటకై కొన్నవారు వస్త్రమును గార్యశాలకే పంపుచుండిరి. ప్రక్కల త్రాళ్లకు మురానో గాజుపూసలు గ్రుచ్చఁబడియుండును. వాని బరువుచేఁ దేలికపట్టు దేహము నంటి నిలుచును. ధరింపనప్పుడు దానిని మెలివెట్టి, చుట్టగాఁ జుట్టి, గుండ్రని పెట్టెలో నుంచుచుండిరి. ఐరోపా స్త్రీలు కార్సెట్టను బిగువైన లోఁదొడుగుచే నడుమును నొక్కుకొను నా కాలమున, ఈ వస్త్రము దాని నపేక్షింపక దేహముయొక్క సహజరూపమునే చూపెను. తొలుత నింటిలో ధరించుటకే తగిన దని యెంచఁబడినను, నర్తకి యగు ఇసడోరా డంకన్, నటి యగు లిలియన్ గిష్ మొదలగువారు దీనిని ధరించి ప్రసిద్ధికిఁ దెచ్చిరి. గ్రీసుదేశమందలి డెల్ఫీ క్షేత్రమున 1896లోఁ ద్రవ్వకములయందు దొరకిన కంచు సారథివిగ్రహము నిలువుమడతల దీర్ఘవస్త్రముతో నొప్పుచుండును. ఆ విగ్రహమును బట్టియే దీని కీ పేరు గలిగినది.

ఫోర్తూనీయే కర్త యనువారి వాదమునకు బలము లేకపోలేదు. 1871లో స్పెయినుదేశమందలి గ్రనడాలో జన్మించిన యాతఁడు చిత్రకారుఁడు, చిత్రకారుని కుమారుఁడు, నాటకరంగమున దీపములకూర్పును సంస్కరించినవాఁడు, గుడ్డల యద్దకమున సిద్ధహస్తుఁడు. ప్రాచీన గ్రీకుశిల్పమందును, క్రీటుద్వీపపుఁ బ్రాచీనరూపములందును నాతనికిఁ గల యభినివేశము ‘నాసస్’ అను నాతని పట్టు వల్లెవాటులవలనఁ దెలియుచున్నది. మీఁదుమిక్కిలి, 1909లోఁ బారిసు నగరమునఁ బొందిన పేటెంటులు ఫోర్తూనీ పేరనే యున్నవి. ప్రభుత్వముద్ర గల పత్ర ముండఁగా వేఱు ప్రమాణ మేల యని యీ వాదుల యభిప్రాయము.

కాని యా ప్రమాణమునందే దాని ప్రతివాదము గలదు. 1909వ సంవత్సరపుఁ బేటెంటు ప్రతిపై ఫోర్తూనీ తన చేతితోనే యొక వాక్యమును వ్రాసియుంచెను. ఆ పేటెంటు హెన్రియెట్టుకుఁ జెందిన దనియు, కల్పన చేసిన దామెయే యనియు, త్వరగా దాఖలు చేయవలసి వచ్చుటచే దానిఁ దన పేరఁ బుచ్చుకొంటి ననియు దాని తాత్పర్యము. హెన్రియెట్ నిగ్రిన్ 1877లో ఫ్రాన్సున జన్మించి, 1902లో వెనిసు చేరి, ఫోర్తూనీకి సహచరియుఁ బిదప భార్యయు నైనది. రంగులఁ గూర్చుటయందును గార్యశాలను నడపుటయందును నేర్పరి. తనకు లాభము గలిగించు మాటను జెప్పువానిని శంకింపవచ్చును. తన కీర్తికి లోపము గలిగించు మాటను దానే వ్రాసియుంచినవానిని శంకించుట కేమి కారణము గలదు? ప్రభుత్వపత్రము దరఖాస్తు పెట్టిన దెవరో చెప్పును. ఈ వాక్యము చేసిన దెవరో చెప్పుచున్నది. రెండును నిజములే, రెండింటికిని విషయము వేఱు.

శాస్త్రదృష్టిచేఁ జూచినను నిర్ణయ మిదియే. పాణిని మతమునఁ గ్రియయందు స్వతంత్రుఁడు కర్త. అట్టి కర్తను బ్రేరేపించువాఁడు హేతువు, ఆతఁడును గర్తయే. పతంజలి మహాభాష్యమునఁ గారకవిచారము చేయుచు, వంటయందుఁ గుండయుఁ దన వ్యాపారమున స్వతంత్రమే యనియు, ప్రధానకర్త సన్నిధిలో నది పరతంత్ర మగు ననియు నిరూపించెను. ఇచటను వ్యాపారము లనేకములు. యంత్రము మడతను నిలుపును. పనికత్తెలు గుడ్డను గుట్టుదురు. ఫోర్తూనీ పత్రమును వ్రాయించెను, తన మందిరమునఁ బనికిఁ దావిచ్చెను. ఎవరి పనియందు వారు స్వతంత్రులే. కాని ప్రధానక్రియ యేది? ఇట్టి వస్త్ర మొకటి యుండవలయు నను కల్పన. దానికిఁ గర్త్రి హెన్రియెట్టని ఫోర్తూనీయే చెప్పుచుండఁగా, ప్రధానకర్తృత్వమును ఫోర్తూనీకిఁ గట్టఁబెట్టుట కుండకు వంటను గట్టఁబెట్టుట వంటిది. ఆతఁడు ప్రేరేపించెను గావున హేతుకర్త యనవచ్చునేమో యని శంక. తెలుఁగున ‘చేసెను’, ‘చేయించెను’ అను రెండు రూపము లుండుట యీ భేదమును జూపుటకే గదా. చేయించినవాని పేరు చెప్పి చేసినదాని పేరు విడుచుట యే వ్యాకరణమునకును సమ్మతము గాదు.

వక్తయొక్క వివక్షను బట్టి కారకములు మాఱునని వైయాకరణు లందురు. కుండ వండుచున్నదనుటయు సాధువే. కాని యా వాక్యమును విని వంటకత్తె లేదని యెవ్వఁడును దలంపఁడు. చరిత్రకారుల వివక్ష యట్లు గాక కర్త్రినే మఱుఁగుపఱచినది. వ్యాకరణమునఁ బ్రత్యయము లోపించినను గార్యమును బట్టి దాని నెఱుఁగుదురు. ఇచటఁ గార్యము కన్నులయెదుట నుండఁగా, లోపించినవారి నెఱుఁగరైరి.

ఈ మఱపునకు సాహిత్యమును గొంత కారణము. ఫ్రెంచి నవలాకర్త యగు మార్సెల్ ప్రూస్టు 1922లో మరణించెను. మఱుసటి యేఁడు వెలువడిన యాతని మహానవలలోని ‘బందిని’ యను భాగమునఁ గథకుఁ డాల్బర్తీనను ప్రియురాలికి ఫోర్తూనీ వస్త్రములఁ దెచ్చియిచ్చును. నీలమును బసిఁడియుఁ గలసిన యొక వస్త్రమును జూడఁగనే యాతనికిఁ దా నింకను జూడని వెనిసు స్ఫురించును. 1925లో వెలువడిన భాగమున, నామె మరణించిన పిమ్మట వెనిసు చేరి, కర్పాచ్యో వ్రాసిన ప్రాచీనచిత్రమున నామె ధరించిన పైవస్త్రపు మూలమును గుర్తించి బాధపడును. ఇచట వస్త్ర మలంకారమాత్రము గాదు, శోకమునకు నుద్దీపనవిభావము. ఫోర్తూనీ యను నామము వెనిసునగరమును ధ్వనింపఁజేయు వ్యంజకము. కవి యం దేమియు దోషము లేదు. దోషము కావ్యమును శాసనముగాఁ జదివిన విమర్శకులది. మఱియు నా నవలలో వర్ణితములైనవి ప్రాచీనచిత్రముల పోకడలతో నద్దిన వస్త్రములు గాని, యద్దక మక్కఱలేని మడతల డెల్ఫాస్ గాదు. అద్దకమునకు ఫోర్తూనీ పొందిన న్యాయమైన కీర్తి, విచారింపక డెల్ఫాసునకుఁ బ్రాఁకినది.

ఫోర్తూనీ 1949లో వెనిసున మరణించెను. హెన్రియెట్ 1956లోఁ దమ నివాసమందిరమును నగరమునకు దానము చేసి 1965లోఁ గాలధర్మము నొందెను. ఆ మందిరమే నేఁటి ఫోర్తూనీ ప్రదర్శనశాల. 2015లో నచట హెన్రియెట్టును గూర్చి ప్రత్యేకప్రదర్శన మేర్పడుట ముదావహము. కాని దాని శీర్షికయం దామెను ‘మ్యూజ్’ అనిరి. కవులకు స్ఫూర్తి నొసఁగు గ్రీకు దేవతల కది పేరు. దేవత స్ఫూర్తి నిచ్చును, పనిచేయదు. పనిచేసినయామెను దేవతగా నిలిపి పూజించుట గౌరవమువలెఁ గానవచ్చును గాని, యామె పని నామెనుండి తీసికొనుటయే యగును.

ప్రదర్శనశాలల ఫలకములపై నిటీవలఁ గొన్నిచోట్ల నామె పేరును జేరుచున్నది. పెక్కుచోట్ల ఫోర్తూనీ పే రొక్కటియే నిలిచియున్నది. తెలుఁగుకవులు కృతికర్త వేఱనియు గృతిభర్త వేఱనియు నెఱిఁగి, యిరువురకును దగిన తావు గ్రంథమునఁ గల్పించిరి. డెల్ఫాస్ విషయమున నా మర్యాదయే చాలును: హెన్రియెట్ నిగ్రిన్ కల్పించినది, ఫోర్తూనీ కార్యశాలయందు నిర్మితము. ఇట్లు వ్రాయుటచే ఫోర్తూనీ కీర్తికి హాని లేదు. ఆతఁడు 1909లోనే వ్రాసియుంచిన మాటను లోకము చదివిన ట్లగును.