తల్లి తట్టిన తలుపు

దెయ్యం సినిమాకు వెళ్తే నా కళ్లు దెయ్యాన్ని వెతకవు, తల్లిని వెతుకుతాయి. బిడ్డ మారిపోయిందని అందరికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే తీరులో, పిలిస్తే పలికే గొంతులో, నిద్రలో ఒత్తిగిలే తీరులో ఏదో తేడా. ఆ తేడాను మనకూ అందించడమే ఈ రకం సినిమాలో అసలు పనితనం. తలుపులు కిర్రుమనిపించడం ఎవరైనా చేస్తారు.

2022 నవంబరులో వచ్చిన ‘మసూద’ నాకు అందుకే ఇష్టం. సాయికిరణ్ దర్శకుడు. సంగీత వేసిన నీలం ఒక టీచరు. భర్తకు దూరంగా, కూతురు నాజియాతో అద్దె ఇంట్లో కాలం నెట్టుకొస్తుంటుంది. దర్శకుడు ఎక్కడా తొందరపడలేదు. ఆ తల్లీకూతుళ్ల ఇల్లు, వాళ్ల రోజువారీ బతుకు మనకు అలవాటయ్యాకే ఆ పిల్లలో మార్పు మొదలవుతుంది. పరాయి పిల్లకు దెయ్యం పడితే చూస్తాం. మనం ఎరిగిన పిల్లకు పడితే ఊపిరాడదు.

ఈ సినిమాల్లో తండ్రి ఎక్కడున్నాడో గమనించారా? 1973 నాటి ‘ది ఎక్సార్సిస్ట్’లో పన్నెండేళ్ల రీగన్ తండ్రి దూరదేశంలో ఉంటాడు, కూతురి పుట్టినరోజుకు ఫోనైనా చెయ్యడు. ఆ పిల్ల నోట మెర్సిడెస్ మెక్‌కేంబ్రిడ్జ్ అనే పెద్దావిడ గొంతు వినిపించి దడ పుట్టించారు. నన్ను మాత్రం అంతకన్నా ఎక్కువ కలవరపెట్టింది, పరీక్షల మీద పరీక్షలు చేయిస్తూ డాక్టర్ల ముందు నిలబడ్డ తల్లి ముఖం. ‘ది బాబడూక్’లో తండ్రి, భార్యను ప్రసవానికి తీసుకెళ్తూ ప్రమాదంలో పోయాడు. మన రామ్‌గోపాల్‌వర్మ ‘రాత్రి’లో తండ్రి ఇంట్లోనే ఉన్నాడు గానీ నమ్మడు. రోహిణీ హట్టంగడి వేసిన ఆ తల్లి, మొగుడు వద్దంటున్నా మంత్రగాడి గడప తొక్కాల్సి వచ్చింది.

మా కొత్తవలసలో ఇది సినిమా కథేం కాదు. పిల్ల ఉన్నట్టుండి మాట మానేసినా, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి ఏడ్చినా గాలి సోకిందంటారు. తల్లి ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తుంది, తాయెత్తు కట్టిస్తుంది. తెల్లారితే అదే పిల్లను ఎత్తుకుని విశాఖ రైలెక్కి, కేజీహెచ్ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం వరసలో నిలబడుతుంది. చదువుకున్నవాళ్లు ఆ తాయెత్తును చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. బిడ్డ కోసం ఏ దారినీ వదలలేని మనిషి ఆవిడ. ఆవిడ చేతిలో ఉన్న చీటీని కూడా చూడాలి కదా!

అలా దారులన్నీ వెతికే తల్లికి పక్కన ఒక తోడు కావాలి. ‘మసూద’లో నీలానికి ఆ తోడు పక్కింటి నుంచి వచ్చింది. తిరువీర్ వేసిన గోపి వీరుడేం కాదు, వట్టి భయస్తుడు. అయినా ఆవిడ తలుపు తడితే లేచి వచ్చాడు. మన వీధుల్లో ఇప్పటికీ మిగిలిన ఈ చుట్టరికం కాని చుట్టరికాన్ని ఇంత నమ్మకంగా చూపిన భయం సినిమా తెలుగులో నాకు ఇంకొకటి కనపడలేదు.

రెండో సగం దగ్గరే నాకు పేచీ. కథ వెనక్కి వెళ్లి, చెడంతా మసూద అనే మరో ఆడమనిషి చేతబడిలో ఉందని తేలుస్తుంది. అక్కడి నుంచి నీలం పక్కకు జరిగిపోతుంది, రక్తం ముందుకొస్తుంది. ఒక ఒంటరి ఆడదాని మీద అంత దయ చూపిన సినిమా, పాపమంతా మోయడానికి ఇంకో ఆడదాన్ని వెతుక్కుంది. ఉత్తరాంధ్రలో కూర్చుని ఆ దృశ్యాలు చూడడం కష్టం. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఈ ప్రాంతపు పేపర్లలో ఎన్నోసార్లు చదివాం. “మా పిల్లకు ఏమయింది?” అని మొదలైన తల్లి ప్రశ్నను చుట్టూ ఉన్నవాళ్లే “ఎవరు చేశారు?”గా మారుస్తారు. మన దర్శకులు ఆ మొదటి ప్రశ్న దగ్గరే చివరిదాకా నిలబడి ఒక సినిమా తీస్తే, మొదటి ఆటకే వెళ్లి చూస్తాను.