ధ్యాస ఎట్లా పెట్టాలి?

‘ధ్యాస పెట్టి చదువు బిడ్డా.’ ఇరవై ఏళ్లుగా నల్లగొండ జిల్లా బడుల్లో లెక్కలు చెప్తూ ఈ మాట రోజూ అంటూనే ఉన్నాను. ధ్యాస ఎట్లా పెట్టాలో మాత్రం ఏ ఒక్కరికీ చెప్పలేదు. నాకూ తెలియదు మరి.

తెలిసింది నాగార్జునసాగర్‌లో. అక్కడి విపశ్యన ధ్యాన కేంద్రం ధమ్మ నాగజ్జునలో పది రోజులు కూర్చున్నాను. మొదటి మూడు రోజులూ ఒకటే పని, ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం గమనించడం. దీన్ని బౌద్ధంలో ఆనాపానసతి అంటారు. జలాశయం కింద మునిగిన విజయపురి లోయ మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల ఏలుబడిలో బౌద్ధ విహారాలతో నిండి ఉండేది. పరాయి విద్య కాదిది, మన గడ్డకు పాత చుట్టమే.

తిరిగొచ్చి పిల్లలతోనూ ఇదే చేయించాను, కానీ బళ్లో ఈ పేర్లేవీ ఎత్తలేదు. మాది చేనేత ఊరు. మగ్గం మీద పోగు తెగితే అమ్మ ఏం చేస్తుందని పిల్లల్ని అడిగాను. ‘ఆపి, అతికి, మళ్ల నేస్తది సార్’ అన్నారు. పోగును తిడుతుందా అంటే నవ్వారు. ఊపిరిని వదిలి మనసు ఎటో పోతే మీరూ అంతే చేయండన్నాను.

పదో తరగతి ప్రీఫైనల్ నాడు ఒక అమ్మాయి లెక్కల పేపర్ చూసి బిగుసుకుపోయింది. పెన్ను పట్టిన వేళ్లు తెల్లబడ్డాయి. నేను దగ్గరికి పోయేలోపే పెన్ను కింద పెట్టి, కడుపు మీద చెయ్యి వేసుకుని, నాలుగైదుసార్లు నిదానంగా ఊపిరి వదిలింది. మొదటి లెక్క వదిలేసి మూడోది అందుకుంది. భయం పోలేదు, భయంతోనే రాసింది. నిదానంగా వదిలే ఊపిరి గుండె దడను తగ్గిస్తుంది. దిగులు ఆక్రమించిన బుర్రలో లెక్కకు కాస్త చోటు దొరుకుతుంది.

అన్నిటికీ ఇదే మందు కాదు. పాలమూరు హాస్టల్లో పనిచేసే మిత్రుడు పిల్లల్ని ధ్యానానికి కూర్చోబెడితే, ఒక బాబు కళ్లు మూయగానే ఏడ్చాడు. అమ్మానాన్నలు పుణెకు పనికి పోయి నాలుగు నెలలు. మిత్రుడు ధ్యానం ఆపి, వాళ్లమ్మకు ఫోన్ కలిపాడు. ఆ పిల్లవాడికి ఆ పూట కావాల్సింది అదే. అప్పటి నుంచి నేనూ కళ్లు మూయమని ఎవరినీ బలవంతపెట్టను. నేల చూసినా చాలు.

బ్రిటన్‌లో 8 వేలకు పైగా బడిపిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. ఇట్లా ధ్యాస నిలపడం నేర్పే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల వల్ల మామూలు బోధనకు మించిన మేలు కనిపించలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చేయలేదట. నాకిది ఆశ్చర్యం కాదు. ఈత గురించి పాఠం విన్నంత మాత్రాన ఎవరికీ ఈత రాదు.

తోటి సార్లకూ మేడమ్‌లకూ ఒక్క మనవి. అల్లరి చేసిన క్లాసుకు ఈ సాధనను శిక్షగా వాడకండి. రేపు హాజరు పిలిచే ముందు మూడు నిమిషాలు, ముందుగా మీరు కూర్చోండి.