కాటిసీనులో చంద్రమతి

సుల్తాన్ బజార్‌లో 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో కూర్చుని బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయము' మళ్లీ చదివాను. కొడుకు శవాన్ని కాటికి మోసుకొచ్చింది చంద్రమతి. కాటిసీను అనగానే మనకు వినిపించేది మాత్రం హరిశ్చంద్రుడి గొంతు, ఆ గొంతులో జాషువా పద్యాలు (అవి నటులు తెచ్చి కలిపినవని ఎందరికి గుర్తు?). ఆమెకు దక్కింది ఏడుపు, తాళి అమ్మి సుంకం కట్టమనే మాట.

మన ఇళ్లలో ఆ కాటిదాకా కూడా రానివ్వరు. శవానికి స్నానం చేయించిన ఆడవాళ్లనే 'మీరు చూడలేరు' అంటూ గుమ్మం దగ్గర ఆపేస్తారు. కట్టెల చితి గంటల తరబడి కాలుతుందనీ, గ్యాసు కొలిమికి గంటన్నర, రెండు గంటలు చాలుననీ, చివరికి మిగిలేవి ఎముక ముక్కలేననీ మనకెవరు చెప్పారు? చంద్రమతికి ఆ ప్రశ్న రాకముందే దేవతలు లోహితాస్యుణ్ణి బతికించేశారు. మనింటికి అస్థికల కుండే వస్తుంది.