వెల లేని కావలి

ఇంటి కంప్యూటరును వైరసుల బారినుండి కాపాడుకొనుట, యంత్రము కొన్ననాడు మొదలై అది మూలబడువరకు ముగియని పరిచర్య. ఈ పనికి మా ప్రాంతమున నాకును మిత్రులకును తొలుత అక్కరకు వచ్చినవి చెక్ దేశమున పుట్టిన అవాస్ట్, ఏవీజీ. గృహస్థుల యొద్ద అవి పైకము పుచ్చుకొనలేదు. అవాస్ట్ కోరినదెల్ల ఏటేట ఒక నమోదు మాత్రమే.

ఆ దినములలో వైరసునకు ముఖ్యవాహనము పెన్ డ్రైవు. జిరాక్సు దుకాణమునందో ఫోటో స్టూడియోయందో ఒకమారు గ్రుచ్చి తెచ్చిన పెన్ డ్రైవు ఇంటి యంత్రమును తాకినంతనే, అందలి ఆటోరన్ ఫైలు తనంత తానే మేల్కొని, ఫోల్డర్లను దాచివైచి, వాని పేళ్లతోనే మాయఫైళ్లను నిలుపుచుండెను. వైరసుల ఆనవాళ్ల పట్టిక ఎంత క్రొత్తదైన రక్షణ యంత దృఢము గనుక, నెట్టు లేని పుంగనూరు ఇండ్లకు మేమా పట్టికను మదనపల్లె నెట్ సెంటరులో దించుకొని, సీడీకెక్కించి మోసికొనిపోవుచుంటిమి. కుప్పమున హెచ్‌పీ సంస్థయు రాష్ట్రప్రభుత్వమును గలసి 2002లో ఐ-కమ్యూనిటీని ఆరంభించి పల్లెలకు సమాచార కేంద్రములను తెచ్చిన కాలమునకిది చేరువ. యంత్రము పల్లె చేరుటయే వింతయైన ఆ నాళ్లలో వెల లేని రక్షణ సామాన్యమైన ఉపకారము గాదు.

2009లో మైక్రోసాఫ్ట్ తానే సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితముగ నిచ్చెను. 2012లో విండోస్ 8తో డిఫెండర్ యంత్రమునందే సంపూర్ణరక్షణగా వెలసెను. 2016లో ఏవీజీని అవాస్ట్ కొనివేసెను. ఉచిత సాఫ్ట్‌వేరు తెరపై ప్రకటనలు నానాటికి పెరిగినవి, అంతవరకు సహింపవచ్చును. కాని జంప్‌షాట్ అను అనుబంధ సంస్థ ద్వారా అవాస్ట్ తన వినియోగదారుల బ్రౌజింగ్ వివరములను విక్రయించినదని లోకమెరిగి, 2020లో ఆ సంస్థ మూతపడినప్పుడు, కావలివాడే ఇంటిగుట్టును అంగడిలో అమ్ముకొనినట్లయి నా మనస్సు మిగుల నొచ్చినది. అవాస్ట్ కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపవలెనని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిర్ణయించినది. పోయిన విశ్వాసము దానితో రాదు.

ఇక యే వైరస్‌నాశకమైనను సర్వరక్షణ గాదని 2017 మే నెల తెలిపినది. వన్నాక్రై యను వైరసు లోకమును చుట్టుముట్టినప్పుడు, పైన చెప్పిన మూడూళ్లును నాడు చేరియున్న చిత్తూరు జిల్లాతో సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని పాలబడినవి. అది చొరబడిన లోపమునకు మైక్రోసాఫ్ట్ మార్చి నెలలోనే సవరణ విడుదల చేసియుండెను! ఆ యేటి ఫిబ్రవరిలోనే భారత ప్రభుత్వము సైబర్ స్వచ్ఛతా కేంద్రమును నెలకొల్పి, సోకిన యంత్రములను శుద్ధిచేయు సాధనములను ఉచితముగ నందించుచున్నది. మన ఇండ్లలో దాని పేరెరిగినవారు అరుదగుట విచారకరము.

నేడు గృహస్థునకు, అప్‌డేట్లు ఆపకున్నచో, డిఫెండరే చాలునని నా నిశ్చయము. మరియొక వైరస్‌నాశకమును తెచ్చిపెట్టిన సాధారణముగ డిఫెండర్ తప్పుకొనును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మీ ఇంటి యంత్రమింకను దానిపైననే నడుచుచున్నచో, దయచేసి ముందుగా ఆ సంగతి చూచుకొనుడు.