గుంటూరు గ్రహణము - ఒక పసుపు గీత

1868 ఆగస్టు 18న గుంటూరులో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ హీలియమును కనుగొన్నాడని తరగతులలోను, సభలలోను తరచు వినవస్తుంది. ఊరికి గౌరవం తెచ్చే మాటయే. కాని సత్యానికి అది చాలదు. సత్యం ఎట్లా తేలిందో చెప్పకుండా విడిచిపెట్టడమే ఈ కథనంలోని అసలు లోపం.

ఆనాటి సంపూర్ణగ్రహణంలో జాన్సెన్ సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ప్రకాశవంతమైన గీతలు కనబడినవి. గ్రహణం లేకున్నను వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడే చూచి నిరూపించాడు. గుంటూరులో ఆయన సాధించిన ఘనకార్యం ఇది. పసుపు గీతను మాత్రం ఆనాటి పరిశీలకులలో పలువురు సోడియం గీతగానే భావించారు.

ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను పరిశీలించి, అది సోడియం స్థానంలో లేదని గుర్తించాడు. సోడియం జంటగీతలు 5890, 5896 ఆంగ్‌స్ట్రాముల వద్ద ఉంటే, ఇది సుమారు 5876 వద్ద ఉన్నది. తేడా పావు శాతం కన్న తక్కువ. అయినను తేడా తేడాయే!

అయితే ఇది భూమిపై ఎరుగని మూలకమా? లేక హైడ్రోజనే అసాధారణ పరిస్థితులలో ఈ గీతను ఇస్తున్నదా? ప్రయోగశాలలో హైడ్రోజను ఆ గీతను ఇవ్వలేదు. 1871 నాటికి హీలియం అనే పేరు వచ్చింది. కాని పేరు పెట్టినంతమాత్రాన సందేహం తీరలేదు.

1895లో రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుండి వెలువడిన వాయువులో ఒక పసుపు గీతను చూచాడు. క్రుక్స్ దానిని కొలిచి, అది సూర్యునిలోని గీతయేనన్నాడు. అప్పుడు జర్మనీలో రూంగే ఆక్షేపణ తెలిపాడు: ఈ వాయువు గీత నిజానికి జంటగీత, సూర్యునిలోనిది కూడ జంటయని తేలనిదే రెండును ఒకటని ఒప్పుకొనరాదు. పరిశీలకులు మరింత శక్తిగల పరికరాలతో మరల సూర్యుని చూచారు. సౌరరేఖ కూడ జంటయే! వివాదం ముగిసింది.

ఈ ఇరువదియేడు సంవత్సరాలలో అభిప్రాయాలు మారినవి. సూర్యునిలోని హీలియం మారలేదు. కనుక “ఎవరి సత్యం వారిది” అనే మాట ఇక్కడ చెల్లదు. అట్లని పెద్దవారు చెప్పినందువలన గాని, చేతులెత్తించి లెక్కించినందువలన గాని సత్యం తేలలేదు. రూంగే ఆక్షేపించి ఊరుకొనలేదు. ఏది చూపితే తన సందేహం తీరునో కూడ చెప్పాడు. ఆక్షేపణకు విలువ తెచ్చినది అదియే.

తరగతిలో ఇద్దరు విద్యార్థులు వాదించుకొన్నప్పుడు ఉపాధ్యాయుడు వెంటనే తీర్పు చెప్పనక్కరలేదు. “ఏది కనబడితే నీ మాట మార్చుకొంటావు?” అని ఇద్దరినీ అడుగవచ్చును. జవాబు ఉన్నవాడితో వాదం ప్రయోగానికి దారితీస్తుంది. జవాబు లేనివాడితో అది పంతంగానే మిగులుతుంది. గుంటూరు కథను ఈ ప్రశ్నతో కలిపి చెప్పిననాడే అది విజ్ఞానపాఠమవుతుంది.