చుక్క, నక్షత్రం, గ్రహం: ఆకాశం గురించి చెప్పే తెలుగు – ఒక పరిశీలన

కొన్నేళ్ల కిందట మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నతో ఈ వ్యాసం మొదలుపెడతాం. ఆమెది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు. తెలుగులో ఉన్న ఒక ఖగోళ పరిచయ పాఠం ఇచ్చి సారాంశం రాయమన్నాం. ఆమె సారాంశానికి బదులు ఒక ప్రశ్న రాసుకొచ్చింది. "సూర్యుడు ఒక నక్షత్రం అని పాఠంలో ఉంది. మా తాతగారి పంచాంగంలో సూర్యుడు రోహిణీ నక్షత్రంలో ప్రవేశిస్తాడని ఉంది. ఒక నక్షత్రం ఇంకో నక్షత్రంలోకి ఎలా వెళుతుంది సార్?" తరగతి నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పాఠం రాసినవారికి రావలసిన అనుమానం పాఠం చదివిన పిల్లకు వచ్చింది.

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనను విమర్శించేవారు సాధారణంగా రెండు మాటలే అంటారు: సంస్కృతం ఎక్కువైందని, లేదా ఇంగ్లీషు ఎక్కువైందని. మా దృష్టిలో ఈ రెండూ పైపై విమర్శలు. మాట ఏ భాష నుంచి వచ్చిందన్నది తరవాతి సంగతి. పాఠకుడి మనసులో ఆ మాటకు అప్పటికే ఉన్న అర్థం ఏమిటి, పాఠం చెప్పదలచిన కొత్త అర్థం ఏమిటి, ఈ రెంటి మధ్య దారి ఎవరు వేశారు అన్నది అసలు ప్రశ్న. ఆకాశం విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. కణం, ధాతువు వంటి మాటలకు ఇంట్లో వేరే వాడుక తక్కువ. నక్షత్రం, గ్రహం, రాశి అలా కాదు. ఇవి పెళ్లిచూపుల్లోనూ పొలం గట్టునా గుడిలోనూ వినిపించే మాటలు.

నక్షత్రం ఎన్ని పనులు చేస్తుంది?

"స్వయంప్రకాశకమైన ఖగోళ వస్తువును నక్షత్రం అంటారు." ఈ తరహా నిర్వచనం మన ప్రవేశపాఠాలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. శాస్త్రపరంగా తప్పు లేదు. కాని తెలుగువాడికి నక్షత్రం అనగానే తోచేది అది కాదు. "మీ అబ్బాయిది ఏ నక్షత్రం?" అన్నప్పుడు అది పుట్టిన వేళ చంద్రుడున్న చోటు. చంద్రుడు ఆకాశాన్ని ఒకసారి చుట్టి మొదటి చోటికి రావడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. అందుకే ఆ దారిని 27 భాగాలు చేశారు. ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ భాగమూ నక్షత్రమే, ఆ భాగానికి గుర్తుగా పెట్టుకున్న చుక్క లేదా చుక్కల గుంపు కూడా నక్షత్రమే. అదే దారిలో సూర్యుడు ఒక్కో భాగంలో పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు. రైతు దాన్ని కార్తె అంటాడు. తమిళనాట ఉన్న మనవాళ్లు మే నెల ఎండను 'అగ్ని నక్షత్రం' అంటారు. అక్కడ నక్షత్రం ఏకంగా ఒక రుతువు పేరయింది. కృత్తికకు అధిదేవత అగ్ని కావడం ఆ పేరుకు మూలం.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు తేలిక. సూర్యుడు నక్షత్రం అన్నప్పుడు ఆ మాటకు తనంతట తాను వెలిగే గోళమని అర్థం. రోహిణీ నక్షత్రంలో ప్రవేశించాడన్నప్పుడు ఆకాశంలో ఒక భాగమని అర్థం. భూమి మీది నుంచి చూస్తే సూర్యుడు ఆ దిక్కున ఉన్నాడని మాత్రమే ఆ వాక్యం చెబుతుంది. రోహిణి అనే ఎర్రని చుక్క సూర్యుడికన్నా ఎన్నో లక్షల రెట్లు దూరాన, సుమారు 65 కాంతి సంవత్సరాల అవతల ఉంది. రోళ్లు పగులుతాయని చెప్పుకొనే రోహిణి కార్తెలో ఆ రోహిణి చుక్క మనకు కనబడదు కూడా. సూర్యుడు అదే దిక్కున ఉంటాడు కనుక అది పగటి వెలుగులో మునిగిపోతుంది. ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే పంచాంగం, పాఠం రెండూ ఒకదాన్నొకటి బలపరిచేవి. పాఠం చెప్పలేదు. పంచాంగం ఊసెత్తితే శాస్త్రీయత పోతుందని భయం కాబోలు.

పొరుగు భాషలతో పోల్చి చూస్తే ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. మరాఠీలో, హిందీలో చుక్కను తార అంటారు, చంద్రుడి దారిలోని భాగానికి నక్షత్రం అనే మాటను ఉంచుకున్నారు. షోలాపూర్‌లో మరాఠీ బడిలో చదివిన తెలుగు పిల్లవాడికి పై గందరగోళం రాదు. తమిళంలో విణ్మీన్ అనే మాట ఉంది. కన్నడంలో నక్షత్రం మనలాగే రెండు పనులూ చేస్తుంది, కాని పక్కన చుక్కి ఉంది. మనకు చుక్క ఉంది, తార ఉంది. ఉన్న మాటలకు పని పంచకుండా అంతా నక్షత్రం నెత్తిన పెట్టడం రచయితల అలవాటే తప్ప భాషలోని లోపం కాదు.

చుక్క చిన్న మాట కాదు

చుక్కను శాస్త్ర రచనలోకి రానివ్వడానికి మన రచయితలు జంకుతారు. అది ఖచ్చితమైన మాట కాదని వారి అభ్యంతరం. నిజమే, వేగుచుక్క అసలు శుక్రగ్రహం. తోకచుక్క మంచు, ధూళి కలిసిన ముద్ద. చుక్క రాలిందంటే రాలింది ఉల్క. మూడింటిలో ఒక్కటీ నక్షత్రం కాదు.

కాని మేము ఇందులో లోపం కాక ఒక వ్యవస్థ చూస్తున్నాం. రాత్రి ఆకాశంలో వెలుగు బిందువుగా కంటికి ఆనినదల్లా చుక్క. అది కనబడడానికి సంబంధించిన మాట. నక్షత్రం, గ్రహం, ఉల్క అన్నవి ఆ కనబడినది ఏమిటో తెలిసిన తరవాతి మాటలు. ఖగోళశాస్త్రం మొదటి పాఠం చేయవలసిన పని కూడా ఇదే, కనబడిన దాని నుంచి తెలిసిన దానికి తీసుకుపోవడం. "వేగుచుక్క చుక్కే, కాని నక్షత్రం కాదు" అనే వాక్యం తెలుగులో ఎంత సహజంగా ఉందో చూడండి. ఇంత సదుపాయం చేతిలో ఉండగా "ప్రాతఃకాలమున దృగ్గోచరమగు శుక్రగ్రహము" అని మొదలుపెట్టే పాఠం పిల్లవాణ్ణి ఆకాశం వైపు చూడనివ్వదు.

పాలపుంత గురించి ఒక మాట. పుంత అంటే పొలాల మధ్య బండిబాట. పాలు ఒలికిన బాటలాగా కనిపించే ఆ తెల్లని చాలుకు ఇంతకన్న మంచి పేరు లేదు. కాని నేటి రచనల్లో "ఇతర పాలపుంతలు" అని రాయడం పెరిగింది. ఇది దోషం. పాలపుంత మన నక్షత్ర సముదాయం ఒక్కదాని పేరు, జాతివాచకం కాదు. ఆండ్రోమెడాను మరో పాలపుంత అనడం, తుంగభద్రను మరో గోదావరి అనడం వంటిది. గెలాక్సీ అన్న మాట అందరికీ తెలిసినదే, జాతికి దాన్ని వాడి పాలపుంతను దాని చోట ఉండనివ్వాలి.

గ్రహం, దాని లింగం

గ్రహం అన్న మాటకు 'పట్టుకొనేది' అని వ్యుత్పత్తి. తమిళంలో గ్రహానికి కోళ్ అని పేరు. అది కూడా 'తీసుకొను, పట్టు' అనే అర్థంగల కొళ్ ధాతువు నుంచి వచ్చిందే. నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, రాహుకేతువులున్నారు, భూమి లేదు. పాఠంలోని గ్రహాల్లో భూమి ఉంది, సూర్యచంద్రులు లేరు. రాహుకేతువులు వస్తువులు కావు, చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు. అమావాస్యో పున్నమో ఆ చోట్ల దగ్గర పడితేనే గ్రహణం. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పడానికి అర పేజీ చాలు. చెప్పకపోతే విద్యార్థి రెండు జాబితాలనూ రెండు అరల్లో దాచుకుంటాడు. పరీక్షకు ఒకటి, జీవితానికి ఒకటి.

కొత్త గ్రహాల పేర్లు మరో చిక్కు. 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ కనుగొన్నారు. తెలుగులో కొందరు యురేనస్‌ను వరుణుడన్నారు. హిందీలో వరుణ్ అంటే నెప్ట్యూన్. రెండు భాషల్లోనూ చదువుకొనే విద్యార్థి ఏ వరుణుణ్ణి నమ్మాలి? ఇక్కడ పేర్లు మార్చకుండా యురేనస్, నెప్ట్యూన్ అనే రాయడం మేలు. 1930లో కనుగొన్న ప్లూటోను 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. నిర్వచనం మారితే జాబితా మారుతుందన్న పాఠం మనకు కొత్తేమీ కాదు, నవగ్రహాలు అప్పటికే నేర్పాయి.

వ్యాకరణం సంగతి. తెలుగులో ఏకవచనంలో మహద్వాచకం ఒక వైపు, మిగిలినవన్నీ ఒక వైపు. కనుక సూర్యుడు ఉదయిస్తాడు, భూమి తిరుగుతుంది. మన పాఠాల్లో ఒకే పేరాలో "చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడు", "ఇది భూమికి ఉపగ్రహం", "అతనిపై గాలి లేదు" అని మూడు వాక్యాలు మూడు రకాలుగా ఉంటాయి. కన్నడ వ్యాకరణంలో మూడు లింగాలు నేర్చిన విద్యార్థికి ఇది మరీ ఇబ్బంది. కంటికి కనబడే చంద్రుడి గురించి చెప్పినంతసేపు 'డు' ప్రత్యయాన్ని, దానికి తగిన క్రియనూ ఉంచి, వస్తువుగా వర్ణించేటప్పుడు శుక్రగ్రహం, కుజగ్రహం అని మార్చి నపుంసకంగా కొనసాగించడం ఒక పద్ధతి. ఏ పద్ధతైనా సరే, పేరా మధ్యలో మార్చకూడదు.

ఎవరి ఆకాశం?

మా ప్రధాన అభ్యంతరం ఇది. మన ప్రవేశపాఠాల్లో చాలా వాటి వెనక ఐరోపా ఆకాశం ఉంది. సప్తర్షి మండలం ఎప్పుడూ అస్తమించదని రాస్తారు. లండన్‌లో అది నిజం. మన దగ్గర కాదు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొలిజామున ఉత్తరాన ఎత్తుగా కనిపించే ఆ ఏడు చుక్కలు అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో కనబడవు. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉంటుందో చూసేవారి అక్షాంశం దాదాపు అంతే. బరంపురంలో సుమారు 19 డిగ్రీలు, షోలాపూర్‌లో 18, యానాంలో 17, హోసూరులో 13, మదురైలో 10. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. అంటే మదురై పిల్లవాడు ఉత్తరాన దిగంతం మీద ఒక పిడికిలి ఎత్తున వెతకాలి, బరంపురం పిల్లవాడు రెండు పిడికిళ్ల ఎత్తున. తెలుగువాడు ఎక్కడ స్థిరపడ్డాడో ఆ చుక్క చెబుతుంది. ఇంత అందమైన పాఠం ఏ పుస్తకంలోనూ మా కంటబడలేదు.

లండన్‌కు లేనివి మనకు ఉన్నాయి. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన, లుబ్ధకుడి కింద వెలిగే అగస్త్యుడు అక్కడివారికి కనిపించడు. సూర్యుడి తరవాత మనకు అతి సమీప నక్షత్రవ్యవస్థ ఆల్ఫా సెంటారీ, దూరం సుమారు 4.4 కాంతి సంవత్సరాలు. ప్రతి పాఠంలోనూ ఈ అంకె ఉంటుంది. మే నెలాఖరున రాత్రి పది గంటల ప్రాంతంలో బెంగళూరు మేడ మీదో చెన్నై తీరాన్నో దక్షిణానికి తిరిగితే, మబ్బు లేకుంటే, అది కంటికే కనబడుతుందని ఉండదు. ఆ పక్కనే త్రిశంకువుగా చెప్పుకొనే శిలువ ఆకారపు నాలుగు చుక్కలు. త్రిశంకు స్వర్గం అన్న జాతీయం తెలిసినవారికి ఆ చుక్కలు తెలియకపోవడం పుస్తకాల తప్పే.

దూరాల లెక్క కూడా అంతే. "150 మిలియన్ కిలోమీటర్లు" అని అనువదించడం దేనికి? సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అక్కడి వెలుగు మనకు చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు. కాంతి సంవత్సరమంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. కోటి, లక్ష కోట్లు మన నాలుక మీది మాటలు.

మంచి నమూనాలు లేకపోలేదు. 499లో ఆర్యభటుడు భూభ్రమణాన్ని చెప్పడానికి పడవను తీసుకున్నాడు. ముందుకు పోయే పడవలోని మనిషికి గట్టు వెనక్కి పోతున్నట్టుంటుంది. గోదావరి ఒడ్డున యానాం విద్యార్థికి ఇది ఇప్పటికీ సరిపోయే ఉపమానం. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1874 నాటి శుక్రసంక్రమణం గురించి సామాన్యుల కోసం దేశభాషల్లో చిన్న పుస్తకం తెచ్చారు. చూసేవాడికి ముందు చెప్పాలన్న బాధ్యత ఆనాడే గుర్తించారు.

ప్రవాసాంధ్ర విద్యార్థులకు ఈ చర్చ ఎందుకని అడగవచ్చు. మీలో చాలామందికి తెలుగు ఇంటి భాష, లేదా పద్యాల భాష. ఆలోచించే పని మరో భాషకు అప్పగించారు. దానికి మిమ్మల్ని తప్పు పట్టం, మేమూ అలాగే చదువుకున్నాం. కాని ఇంట్లో అమ్మమ్మ సప్తర్షుల్ని ముసలమ్మ మంచం అని, కృత్తికల్ని పిల్లలకోడి అని చూపించి ఉంటే, ఆమెకు తెలిసిన ఆకాశానికీ మీరు చదివిన ఆకాశానికీ మధ్య వంతెన వేయగలిగినవారు మీరే. వలస వెళ్లి తరాలు గడిచిన ఇళ్లలో ఇటువంటి పేర్లు ఇంకా ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్క తీయలేదు. ఊరు మారితే పేరు మారుతుంది, ఒక్కోసారి పేరు అదే ఉండి చూపించే చుక్కలు మారతాయి.

కనుక ఒక పని అప్పగిస్తున్నాం. ఈ సెలవుల్లో ఇంట్లోని పెద్దవారిని రాత్రి మేడ మీదికి తీసుకువెళ్లండి. ఏ చుక్కను ఏమంటారో అడగండి. తేదీ, వేళ, దిక్కు, పిడికిళ్లలో ఎత్తు తప్పకుండా రాసుకోండి, లేకపోతే ఆ పేరు ఏ చుక్కదో తరవాత తేల్చలేం. వారు చెప్పిన మాటను సరిదిద్దకుండా విన్నది విన్నట్టు రాయండి.