సశేషం రాసిన చేతులు

వారపత్రిక పిన్నులు ఊడదీసి, సీరియల్ పేజీలు విడిగా తీసి, దబ్బనంతో కుట్టి దాచుకున్న ఇళ్లు మనవి. ఆ కుట్టులో సగం ప్రేమ, సగం భయం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో ఆడపిల్ల ఆత్మాభిమానాన్నే ప్రేమకథకు ప్రాణం చేశారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చేతబడిని పసిపిల్ల మంచం దాకా తెచ్చారు. ఇలాంటి భయపెట్టే కథలకు ముడిసరుకు మన వీధిలోనే ఉంది. నాలుగు రోడ్ల కూడలిలో కోసి, కుంకుమ అద్దిన నిమ్మకాయ. చదువుకున్నవాడు కూడా దాన్ని తొక్కకుండా ఒక్క అడుగు పక్కకు వేస్తాడు. మంచి రచయితకు ఆ ఒక్క అడుగు చాలు. వారం వారం ఊపిరి బిగబట్టే చోటే ‘సశేషం’ అని ఆపడం మాత్రం తేలిక పని కాదు. కాలక్షేపం పుస్తకాలని ఈ సీరియళ్లను తీసిపారేయకండి. అటక మీద ఆ కుట్టుపుస్తకాలుంటే దించి, దుమ్ము దులిపి, ఇంట్లో కుర్రకారు చేతికివ్వండి.